పాప వేసిన బొమ్మ ఎవరింటికి వెళ్లాలి?

[తెర: తెల్ల కాగితం, పైనుంచి కెమెరా. స్కెచ్ పెన్ను పట్టుకున్న చెయ్యి గబగబా గీస్తోంది.]

రెండు కొండలు. వాటి మధ్యలోంచి సూర్యుడు. కొండల మీంచి దిగొచ్చే కాలవ, కాలవ పక్కన గుడిసె, గుడిసె పక్కన ఓ వంకర కొబ్బరిచెట్టు. పైన నాలుగు టిక్కు మార్కులు పెడితే అవే పక్షులు. అయిపోయింది. అర నిమిషం కూడా పట్టలేదు.

దీని పేరు మనందరికీ తెలుసు: సీనరీ. మీరూ వేసి ఉంటారు, నేనూ వేశాను. ఇప్పుడు మీ ఇంట్లో రెండో క్లాసు చదివే పిల్లాడూ ఇదే వేస్తుంటాడు. హైదరాబాదులో ఐదో అంతస్తులో పెరిగే పిల్లాడు గుడిసె లోపలికి ఎప్పుడూ వెళ్లి ఉండడు, కాలవ గట్టున కూర్చునీ ఉండడు. అయినా వేస్తాడు. వేస్తే "వెరీ గుడ్" పడుతుందని వాడికి తెలుసు.

బొమ్మలు వెయ్యడం ఎలాగో నేర్పే వీడియోలు బోలెడున్నాయి, అందుకే ఆ సంగతి వదిలేస్తున్నా. పిల్లలు వేసిన బొమ్మతో మనం ఎలా ఉండాలి, వేశాక అది ఎవరి చేతికి వెళ్లాలి, ఇవాళ మాట్లాడుకునేది అదే. నా మాట ముందే చెప్పేస్తాను. పిల్లల బొమ్మకి బహుమతి వెతికే ముందు దాన్ని అందుకునే మనిషిని వెతకండి.

[తెర: పిల్లల బొమ్మ. గుండ్రటి తల, తల కిందే రెండు పొడుగాటి కాళ్లు.]

మూడు నాలుగేళ్ల పిల్లలు మనిషిని గీస్తే దాదాపు ఇలాగే ఉంటుంది. తలకాయ, దానికే కాళ్లు. మెడ లేదు, పొట్ట లేదు. "పొట్టేదిరా?" అని నవ్వకండి. ఏ దేశంలో చూసినా చాలామంది పిల్లలు ఇక్కడే మొదలెడతారు. ఇంకాస్త పెద్దయ్యాక ఇల్లు గీస్తే గోడలోంచి లోపలి మంచం, ఫ్యాను, ఫ్రిజ్ అన్నీ కనబడతాయి. బస్సు గీస్తే లోపల కూర్చున్న వాళ్లు కాళ్లతో సహా కనబడతారు. బయట నిలబడితే కంటికి ఆనేది ఎంతో వాళ్లకి అనవసరం, లోపల ఏముందో తెలుసు కాబట్టి అదంతా వేస్తారు. బాగా ఇష్టమైన మనిషైతే మేడ కంటే ఎత్తుగా నిలబడి ఉంటాడు.

వియన్నాలో చదువుకుని, తర్వాత అమెరికాలో పాఠాలు చెప్పిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన ఈ దశలన్నిటినీ 1947లోనే వివరంగా రాశారు. రంగులు నింపే పుస్తకాలంటే ఆయనకి అస్సలు పడేది కాదు. ఎవరో గీసిన గీతల మధ్య రంగు పూయడం అలవాటైన పిల్లలకి సొంతంగా గీయడానికి ధైర్యం చాలదని ఆయన వాదన. మా ఇంట్లోనూ అలాంటి పుస్తకాలున్నాయి, రైలు ప్రయాణంలో ప్రాణాలు కాపాడతాయి, కాబట్టి నేను అంత కఠినంగా ఉండలేను. కానీ ఆయన చెప్పిన ఇంకో సంగతి మాత్రం ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. తొమ్మిది పదేళ్లు వచ్చేసరికి పిల్లలకి బొమ్మ నిజంగా ఉన్నట్టే కనిపించాలన్న పట్టుదల మొదలవుతుంది. గుర్రం గుర్రంలా రావాలి. రాదు. పక్క బెంచీ అమ్మాయికి వచ్చింది. ఆ రోజు నుంచి "నాకు డ్రాయింగ్ రాదు." మనలో చాలామంది ఆ వయసులోనే పెన్సిలు కింద పెట్టేసిన వాళ్లం.

[తెర: హోస్టు ముఖం. చేతిలో ఒక బొమ్మ.]

మా అక్క కూతురికి ఆరేళ్లు. ఓ సాయంత్రం అమ్మమ్మ బొమ్మ వేసింది. చీర, ముడి, కళ్లజోడు అన్నీ ఉన్నాయి. చెవులు మాత్రం చేటలంత. అక్క రబ్బరు అందుకుంది, సరి చేద్దామని. నేను ఆగమని, "ఈ చెవులేంటమ్మా, ఇంతున్నాయి?" అని అడిగాను.

"అమ్మమ్మకి సరిగ్గా వినపడదు కదా పిన్నీ, అందుకే పెద్దవి పెట్టా."

అక్క రబ్బరు పక్కన పడేసింది. చెవులు చెరిపేసి ఉంటే ఆ బొమ్మలో ఉన్న అసలు సంగతే పోయేది. ఎవరికేం కష్టమో పిల్లలు గమనిస్తూనే ఉంటారు, ఆ గమనించింది మొదట గీతల్లో బయటపడుతుంది. మనం అడిగితే చెబుతారు. అడిగే తీరు ఒకటుంది. "ఏంటిది?" అంటే మొహం మాడ్చుకుంటారు, ఎందుకంటే అదేంటో మనకి తెలియలేదని అర్థమైపోతుంది. "ఇక్కడేం జరుగుతోంది, చెప్పు" అంటే పది నిమిషాల కథ వస్తుంది. ఫోన్లోంచి తలెత్తకుండా "సూపర్ నాన్నా" అనడం కంటే, కాగితం వైపు చూసి "కుక్కకి ఊదా రంగు వేశావే!" అంటే చాలు. చూశారని తెలుస్తుంది.

[తెర: సర్టిఫికెట్ బొమ్మ. బంగారు నక్షత్రం, ఎర్ర రిబ్బను.]

ఇప్పుడు బహుమతుల సంగతి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో, బొమ్మలంటే ముందే ఇష్టం ఉన్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా, వేశాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మిగిలిన వాళ్లకి ఏమీ లేదు. కొన్ని రోజులయ్యాక తరగతిలో స్కెచ్ పెన్నులు ఊరికే పెట్టి ఎవరు ఎంతసేపు వాటి దగ్గర గడుపుతారో చూశారు. ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతా వాళ్లతో పోలిస్తే సగం సేపే గీశారు. సర్టిఫికెట్ కోసం వేసిన బొమ్మలు కూడా కాస్త నాసిగానే ఉన్నాయని, ఎవరు వేశారో తెలియకుండా మార్కులు వేసిన వాళ్లు తేల్చారు. అనుకోకుండా అందుకున్న వాళ్ల ఇష్టం మాత్రం తగ్గలేదు.

అంటే చెడగొట్టింది సర్టిఫికెట్ కాదు, ముందుగా కుదుర్చుకున్న బేరం. అందుకని పోటీలన్నీ చెడ్డవని నేననను. కార్టూనిస్టు శంకర్, అదే కేశవ శంకర్ పిళ్లై, 1949లో ఢిల్లీలో పిల్లల కోసం బొమ్మల పోటీ మొదలుపెట్టారు. అది పెరిగి దేశదేశాల పిల్లలు బొమ్మలు పంపే పోటీ అయింది. 1957లో ఆయనే చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ కూడా పెట్టారు. పిల్లల బొమ్మని పెద్దవాళ్లు కూర్చుని తీరిగ్గా చూడాలన్నది ఆయన పట్టుదల. మన కాలనీ పోటీల్లో అమ్మ పక్కన కూర్చుని చెట్టుకి ఆకులు దిద్దుతూ, "నీటిని పొదుపు చేయండి" అని స్పెల్లింగ్ చెబుతూ ఉండటం వేరే వ్యవహారం.

[తెర: గాజు పలక మీద రంగులు పూస్తున్న చిన్న చెయ్యి, యానిమేషన్.]

అదే 1949. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి నాలుగేళ్లు. చెకొస్లోవేకియాలో యుద్ధం దెబ్బతీసిన రుడోల్ఫో అనే పల్లెటూరు. 1946 డిసెంబరులో పుట్టిన యునిసెఫ్, అంటే పిల్లల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ, అక్కడి పిల్లలకి సాయం అందించింది. ఆ ఊళ్లో జిట్కా సమ్కోవా అనే ఏడేళ్ల పాప వాళ్లకి థాంక్స్ చెప్పాలనుకుంది. కాగితం దొరకలేదు, గాజు పలక మీద వేసింది: ఎత్తైన స్తంభం చుట్టూ ఆడిపాడుతున్న అమ్మాయిలు. టీచరు ఆ బొమ్మని యునిసెఫ్ వాళ్లకి చేర్చారు. వాళ్లు దాన్ని అచ్చేశారు. యునిసెఫ్ మొట్టమొదటి గ్రీటింగ్ కార్డు అదే. తర్వాత దశాబ్దాల పాటు అలాంటి కార్డులు అమ్మి ప్రపంచంలోని పిల్లల కోసం డబ్బు పోగుచేశారు. ఆ పాపని ఎవరూ పోటీకి పిలవలేదు. ఎవరికి చెప్పాలనుకుందో వాళ్లకే వేసింది.

1949లోనే ఇంకోటి జరిగింది, బొమ్మల సంగతి కాకపోయినా చెప్పాలనిపిస్తోంది. యుద్ధకాలంలో టోక్యోలోని ఉయెనో జూలో ఏనుగుల్ని చంపేశారు. ఆ తర్వాత జపాన్ పిల్లలు మాకో ఏనుగు పంపించమని నెహ్రూ గారికి ఉత్తరాలు రాశారు. ఆయన పంపించారు, ఇందిర అనే పేరుతో. పిల్లలు రాసిన ఉత్తరానికి జవాబుగా ఏనుగు ఓడెక్కి వెళ్లింది!

మన తెలుగులో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు నడిపిన 'బాల' అనే పిల్లల పత్రికని పాతతరం వాళ్లు మరిచిపోలేదు. కుర్రవాడిగా ఉన్నప్పుడు బాపు వేసిన బొమ్మలు అచ్చయింది అందులోనే.

[తెర: పోస్టుకార్డు, పెన్సిలు రంగులు, అడ్రసు వైపు దగ్గరగా.]

మన ఇంట్లో అంత పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. పోస్టాఫీసులో నాలుగు పోస్టుకార్డులు కొని ఇంట్లో పెట్టండి. దాని మీద పెన్సిలు రంగులు, క్రేయాన్లు బాగా పడతాయి. నీళ్ల రంగులు వేస్తే అట్ట ముడతలు పడుతుంది, స్కెచ్ పెన్ను వెనక్కి దిగి అడ్రసు పాడవుతుంది. అడ్రసు పిల్లల చేతే రాయించండి, వంకరగా ఉన్నా పోస్ట్‌మ్యాన్ చదువుతాడు. పిన్ కోడ్ ఆరు అంకెలు మాత్రం మీరు సరిచూడండి. డబ్బాలో కూడా వాళ్లనే వెయ్యనివ్వండి.

ఎవరికి పంపాలో మీరు తేల్చెయ్యకండి, వాళ్లనే అడగండి. తాతయ్యో, బాబాయో అంటారనుకుంటాం. స్కూల్ వ్యాన్ అంకుల్ అంటారు. ఇస్త్రీ బట్టలు తెచ్చే తాత అంటారు. వ్యాక్సిన్ వేసిన నర్సు అంటారు, వేసిన రోజు ఏడ్చి గోల చేసిన వాళ్లే. కాదనకండి. దగ్గరుండే వాళ్లకైతే చేతికివ్వడమే మేలు, అప్పుడు అవతలివాళ్ల మొహం ఎలా మారిందో పిల్లలు చూస్తారు. దయగా ఉండాలని గోడ మీద చార్టు అతికించి నేర్పగలమని నాకు నమ్మకం లేదు. ఆ మొహం చూసిన పిల్లాడు మర్నాడు ఇంకో కాగితం అడుగుతాడు.

దూరాన ఉన్న అమ్మమ్మలకి, మామయ్యలకి ఒక మాట ముందుగా ఫోన్లో చెప్పి ఉంచండి: కార్డు అందిన తర్వాత జవాబివ్వాలి. రెండు ముక్కలైనా చాలు, "చెవులు బాగున్నాయే, ఇప్పుడు అన్నీ వినపడుతున్నాయి" అని మా అమ్మ రాసినట్టు.

ఆసుపత్రుల్లో పిల్లల వార్డుకో, వృద్ధాశ్రమానికో ఇవ్వాలనుకుంటే ముందు అక్కడివాళ్లని అడగండి, లోపలికి ఏం తీసుకెళ్లనిస్తారో వాళ్ల పద్ధతి వాళ్లకుంటుంది. పండగ రోజున ఒక్కసారి వెళ్లి, బొమ్మ చేతిలో పెట్టి, ఫోటో తీసుకుని వచ్చేయడం నాకు నచ్చదు. ఒకే పెద్దాయనకి నెలకో బొమ్మ పంపినా నయం. ఆయనకి పాప పేరు గుర్తుంటుంది, పాపకి ఆయన పేరు గుర్తుంటుంది.

[తెర: ఫోన్, వాట్సాప్ స్టేటస్ పెట్టబోతున్న వేలు.]

ఇక ఇది. బొమ్మ అయీ అవకుండానే స్టేటస్‌లో పెట్టేస్తాం. ఒక్కసారి వాళ్లని అడగండి, "పెట్టనా?" అని. వద్దంటే వద్దు. పెట్టినా పూర్తి పేరు, స్కూలు పేరు, ఇంటి అడ్రసు కనబడకుండా చూసుకోండి. యాభై లైకులు వచ్చాయని పిల్లలకి లెక్క చెప్పడం ఆ రిబ్బను సర్టిఫికెట్ దారిలోకే తీసుకెళుతుంది.

కొన్ని బొమ్మలు ఎవరికీ ఇవ్వనంటారు. "ఇది నాది" అని వీపు వెనక దాచేస్తారు. బతిమాలకండి, "మంచి పిల్లలు ఇచ్చేస్తారు" అని మొహమాటపెట్టకండి. ఫ్రిజ్ తలుపు కింది భాగంలో, వాళ్ల చెయ్యి అందే చోట, రెండు అయస్కాంతాలు వదిలేస్తే అతికించుకోవడం వాళ్లే చూసుకుంటారు.