ముప్పై ఐదు ఎలా వచ్చింది?

డి.ఎల్.ఎడ్. విద్యార్థులందరికీ, తోటి అధ్యాపకులకీ నమస్కారం.

ప్రాథమిక బడుల్లో టీచర్లు కాబోతున్న మీరు సోమవారం నుంచి పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి బడులకు వెళ్తున్నారు. చార్టులు, ఫ్లాష్ కార్డులు, పీరియడ్ ప్లాన్లు అంటూ వారం రోజులుగా మీరు పడుతున్న టెన్షన్ చూస్తూనే ఉన్నాను. వాటిని కాసేపు పక్కన పెట్టండి. ఒక తీసివేత లెక్క గురించి చెప్తాను.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. 52లోంచి 27 తీసెయ్యమంటే మూడో తరగతి పాప ఒకతి 35 అని రాసింది. ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి, బోర్డు మీద మళ్లీ చేసి చూపించాను. మర్నాడు 61లోంచి 34 ఇస్తే 33 రాసింది. "ఎలా చేశావమ్మా?" అని అడగాలని అప్పటికి గానీ నాకు తట్టలేదు.

"పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలని మీరే చెప్పారు కద సార్" అంది.

నిజమే, అంతకుముందు ఏడాది నేనే చెప్పాను. 7లోంచి 2 తీసేసి 5, 5లోంచి 2 తీసేసి 3. నా మాట తు.చ. తప్పకుండా పాటించిన పిల్లకి రెండు రోజులు ఇంటూలు కొట్టాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

చీపురు పుల్లలు తెప్పించి, పదేసి చొప్పున ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు ఇచ్చాను. ఏడు తీయమన్నాను. కాసేపు కట్టల వంక, నా వంక చూసి "రబ్బరు బ్యాండు తీసెయ్యనా సార్?" అంది. తీసేసింది. పన్నెండు పుల్లల్లో ఏడు పక్కన పెట్టి, మిగతా నాలుగు కట్టల్లో రెండు జరిపేసింది. ఇరవై ఐదు. అంతలో వెనక నుంచి ఒకడు లేచి, "అప్పు తెచ్చుకోవాలన్నారు కద సార్, మరి తిరిగి ఎప్పుడిస్తాం?" అన్నాడు. ఆ రోజు నుంచి నా క్లాసులో అప్పు అనే మాట లేదు, కట్ట విప్పడమే.

52లోంచి 27 తీస్తే ఎంతో ఊళ్లో ఎవరైనా చెప్తారు. 35 ఎలా వచ్చిందో చెప్పగలగాల్సింది మనం. లీ షుల్మన్ అనే అమెరికా విద్యావేత్త 1986లో దీనికి 'పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్' అని పేరు పెట్టారు. విషయం తెలియడం, బోధన పద్ధతులు తెలియడం కాక, ఆ విషయాన్ని పిల్లలకు అందించే జ్ఞానం వేరే ఉందన్నారు. పిల్లలు ఎక్కడ తడబడతారో తెలియడం అందులో భాగం. టెట్‌లోనూ డీఎస్సీలోనూ సరైన జవాబు గుర్తిస్తే మార్కు వస్తుంది. ఈ జ్ఞానం మాత్రం పిల్లల నోట్‌బుక్కుల్లోనే దొరుకుతుంది.

2015లో బి.ఎడ్.ను రెండేళ్లు చేసినప్పుడు బడిలో గడిపే రోజులూ పెరిగాయి. మంచిదే. కానీ సీనియర్ల రికార్డులు చూసి రాసేస్తే ఆ రోజులన్నీ వృథా. అట్టలు, బొమ్మలు చూసి మార్కులు వేసిన మాదీ ఇందులో తప్పుంది.

అందుకని ఈసారి రికార్డులో వారానికో పేజీ ఖాళీగా ఉంచండి. ఒక తప్పు జవాబు పిల్లల చేతే రాయించండి. అలా ఎందుకు చేశారో వాళ్లు చెప్పిన మాటలే కింద రాయండి, దిద్దకండి. శనివారం మధ్యాహ్నం ఇదే హాల్లో ఆ పేజీలు ముందు పెట్టుకుని కూర్చుందాం. నా పేజీ కూడా తెస్తాను.