బుధవారం నాది

నమస్కారం. సిడ్నీ నగరానికి పడమటి దిక్కున ఉన్న వెస్ట్‌మీడ్‌లో, మా అమ్మాయి ఇంటి వంటగదిలో నిలబడి మాట్లాడుతున్నాను. కెమెరా పట్టుకున్నది తొమ్మిదేళ్ళ మా మనవరాలు. “అమ్మమ్మా, క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పకు, మామూలుగా మాట్లాడు” అని ఇప్పటికే రెండుసార్లు హెచ్చరించింది. తాళ్ళరేవు దగ్గర జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో 31 ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని కాబట్టి, వాక్యాన్ని సగంలో వదిలేయడం నాకు చేతకాదు. చూసేవారు కొంచెం ఓపిక పట్టాలి.

విదేశాల్లో పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళ వీడియోలు నేను చాలా చూశాను. ఇల్లు, ఫ్రిజ్, పెరట్లో గోంగూర, గుడి, మళ్ళీ ఇల్లు. అవన్నీ మాకూ ఉన్నాయి, మధ్యలో చూపిస్తాను కూడా. అయితే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది నా బుధవారం సంగతి. ఆ ఒక్క రోజును సంపాదించుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మిగిలిన రోజులు ఎలా గడుస్తాయో ముందు చూడండి. ఐదున్నరకు లేచి, కాఫీ కలుపుకుని, పిల్లల డబ్బాలు సర్దడం మొదలుపెడతాను. ఇక్కడి చాలా బడుల్లో వేరుశనగపప్పు, జీడిపప్పు వంటివి తేవద్దంటారు. ఎవరో ఒక బిడ్డకు అవి పడక ప్రాణం మీదికి వస్తుందేమోనని వాళ్ళ భయం. పల్లీలు లేకుండా పులిహోర ఎలా కలుపుతారని మొదట్లో నాకు ఒళ్ళు మండింది కానీ, ఇప్పుడు డబ్బాలోకి శనగపప్పు, మినప్పప్పు మాత్రమే వేయించి వేసి, ఇంట్లో తినేదానిలో పల్లీలు విడిగా కలుపుతున్నాను. బడిలో పొద్దున మధ్యలో ‘క్రంచ్ అండ్ సిప్’ అని ఒక చిన్న విరామం ఉంటుంది. అప్పుడు పండో కూరగాయ ముక్కలో తిని మంచినీళ్ళు తాగుతారు. దానికి వేరే చిన్న డబ్బా. కీరదోసకాయను చక్రాలుగా తరిగితే మా మనవరాలు తినదు, నిలువుగా చీలిస్తే తింటుంది. ఈ మాట అనగానే కెమెరా కదిలింది, గమనించారా?

ఇక నేను ఇక్కడికి వచ్చిన వైనం. మావారు పోయిన తరువాత, 2016లో అమ్మాయి నా కోసం, తల్లిదండ్రులు పిల్లల దగ్గర శాశ్వతంగా ఉండిపోవడానికి ఇచ్చే 143 నంబరు వీసాకు దరఖాస్తు పెట్టించింది. పిల్లల్లో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలన్నది అందులో నిబంధన. నాకు అబ్బాయి హైదరాబాదులో, అమ్మాయి ఇక్కడ, సరిగ్గా సగం. 2022లో మంజూరైంది. చివరి విడతగా కట్టిన రుసుమే 43,600 డాలర్లు, కాకినాడలో ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్ములో పెద్ద భాగం దానికే పోయింది. గొప్ప కోసం చెప్పడం లేదు. అంత డబ్బు పోసి వచ్చిన మనిషి, వచ్చాక ఒక కొత్తిమీర కట్టకైనా అల్లుడుగారికి తీరికయ్యే శనివారం దాకా కాచుకుని కూర్చోవలసి రావడం నాకే విచిత్రంగా ఉండేది. ఎవరూ నన్ను కట్టేయలేదు, ఒక్క మాట అనలేదు. కాకినాడలో ఆటో పిలుచుకుని బ్యాంకుకూ, రైతు బజారుకూ ఒక్కదాన్నే తిరిగి వచ్చినదాన్ని, ఇక్కడ ఒకరు ఎక్కిస్తే ఇంకొకరు దింపుకునే పార్సిల్‌నయ్యాను.

గోల్డ్ ఓపల్ కార్డు అనేది ఒకటుందని నాకు చెప్పింది మా ఇంట్లోవాళ్ళు కాదు, పార్కు బెంచీ మీద పరిచయమైన ఒక గుంటూరావిడ. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో శాశ్వత నివాసం ఉండి, 60 ఏళ్ళు నిండి, వారానికి 20 గంటలకు మించి జీతానికి పనిచేయని వారికి సీనియర్స్ కార్డు ఇస్తారు. అది ఉన్నవారికి ఈ ప్రయాణపు కార్డు వస్తుంది. రైలు, బస్సు, ట్రాము, పడవ, ఏది ఎన్నిసార్లు ఎక్కినా రోజు మొత్తానికి రెండున్నర డాలర్లకు మించి తీసుకోరు. ఆవిడ తన కార్డు నా చేతిలో పెట్టి చూపించింది. అంచులు అరిగిపోయి ఉన్నాయి. అంతగా అరిగేలా తిరిగిందన్న మాట అనుకుని, ఆ రాత్రే అమ్మాయి చేత దరఖాస్తు పెట్టించాను.

మొదటిసారి ఒంటరిగా బయలుదేరిన రోజు, నగరం నడిబొడ్డున ఉన్న సెంట్రల్ స్టేషను దాకా వెళ్ళి రావాలన్నది నా ఆలోచన. వెస్ట్‌మీడ్‌లో ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన మొదటి రైలు ఎక్కేశాను. పారమట్టా వచ్చింది, హారిస్ పార్క్ వచ్చింది, అంతా సవ్యంగానే ఉందనుకున్నాను. ఆ తరువాత గ్రాన్‌విల్ రావలసిన చోట మెర్రీల్యాండ్స్ వచ్చింది. నేను ఎక్కినది నగరంలోకి వెళ్ళే టీ1 కాదు, లివర్‌పూల్ వైపు తిరిగిపోయే టీ5. తప్పు పూర్తిగా నాదే, పైన తెర మీద ఊళ్ళ పేర్లన్నీ వరుసగా కనిపిస్తూనే ఉన్నాయి. దిగిపోయి, అమ్మాయికి ఫోను చేద్దామని సంచిలోంచి తీశాను. చేతిలో పట్టుకుని కాసేపు చూసి, మళ్ళీ సంచిలోనే పెట్టేశాను. వంతెన మెట్లెక్కి అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్ళి, వెనక్కి వచ్చే బండి కోసం కూర్చున్నాను. హారిస్ పార్క్‌లో దిగి, విగ్రమ్ వీధిలో సగం కొట్లు మనవే కాబట్టి, ఒక చోట మసాలా దోసె తిని ఇల్లు చేరాను. సాయంత్రం అమ్మాయి “ఎక్కడిదాకా వెళ్ళావమ్మా?” అంటే “మెర్రీల్యాండ్స్” అన్నాను, నాకు అక్కడే పని ఉన్నట్టు.

కొత్తగా వచ్చి స్థిరపడినవారికి ప్రభుత్వం ఉచితంగా ఇంగ్లీషు తరగతులు నడుపుతుంది. ఒకప్పుడు 510 గంటలే అని పరిమితి ఉండేదట, 2021లో తీసేశారు. కాబట్టి మందబుద్ధి విద్యార్థులకు భయం లేదు. పత్రిక చదవగలను గాని నోరు పెగిలేది కాదు, అందుకని చేరాను. బల్లకు ఇవతలి పక్క కూర్చోవడం ఎంత కష్టమో నాకు 67వ ఏట తెలిసింది. నా పాత విద్యార్థుల్లో ఎవరైనా ఈ వీడియో చూస్తూ ఉంటే నవ్వుకోవచ్చు.

డాక్టరు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది నాలాంటి ఆడవాళ్ళకు చాలామందికి తెలియదు. 131 450 అనే నంబరుకు ఫోను చేస్తే తెలుగులో దుబాసీ దొరుకుతారు. మన డాక్టరుకే చెబితే, ఆయనే ఆ లైను కలిపి ఫోను స్పీకరులో పెడతారు. అంతకు ముందు అమ్మాయి సగం రోజు సెలవు పెట్టి నాతో వచ్చి నా మాటలు డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పేది. కన్నకూతురే అయినా, ఆమె నోటితో చెప్పించడానికి నాకు మొహమాటమైన ఇబ్బందులు రెండు మూడు ఉండేవి, అవి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాయి. ముఖం కనిపించని ఆ తెలుగు గొంతుతో మాత్రం పది నిమిషాల్లో అన్నీ చెప్పేశాను. అమ్మాయికి సెలవూ మిగిలింది.

పండుగలకు ఇక్కడ కాలమే తలకిందులు. సంక్రాంతి నడివేసవిలో వస్తుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా ఈ రాష్ట్రంలో కార్చిచ్చుల కాలం. గాలి, ఎండ ముదిరిన రోజుల్లో ఆరుబయట నిప్పు రాజేయడం పూర్తిగా నిషేధం. పెరట్లో భోగి మంట మాట ఎత్తగానే అల్లుడుగారు ఆ నియమాలు ఫోనులో తీసి నా ముందు పెట్టారు. సరే, ఇత్తడి పళ్ళెంలో ఐదు వత్తులు వెలిగించి దానికే నమస్కారం పెట్టుకున్నాం. భోగిపళ్ళకు రేగిపళ్ళు దొరకలేదు. అది చెర్రీల కాలం కావడంతో, ఎర్రగా గుండ్రంగా బాగానే ఉన్నాయి కదా అని నాలుగేళ్ళ మనవడి తల మీద రేగిపళ్ళకు బదులు అవే పోశాను. చిల్లరకు ఐదు సెంట్ల నాణేలు వేశాను, ఇక్కడ అంతకన్నా చిన్న నాణెం చలామణీలో లేదు. దాని మీద ఎకిడ్నా అనే ముళ్ళ జంతువు బొమ్మ ఉంటుంది. వాడు నాణేలన్నీ ఏరుకుని, చెర్రీల మీద కూర్చున్నాడు. పట్టు పంచె, తెల్ల చొక్కా. ఆ మరకలు నేటికీ పోలేదు, ఆ చొక్కా పారేయడానికి నాకు మనసు రావడం లేదు.

ఉగాది ఇక్కడ ఆకురాలే కాలంలో వస్తుంది. వచ్చిన మొదటి ఏడాది, మా వీధి మలుపులో ఒక చెట్టును చూసి వేప దొరికిందని ప్రాణం లేచి వచ్చింది. దగ్గరికి వెళ్ళి ఆకు నలిపి చూస్తే తురకవేప. ఇక్కడివాళ్ళు వైట్ సీడర్ అంటారు, ఇది ఈ నేలలో సహజంగా పెరిగే చెట్టేనట. వసంతంలో లేత ఊదా రంగు పూలు పూస్తుంది, ఉగాది నాటికి పసుపు పచ్చని కాయల గుత్తులు మాత్రమే వేలాడుతూ ఉంటాయి, ఆ కాయలు విషం. పచ్చడిలోకి ఆ చెట్టువి ఏవీ వేయకండి. ఉత్సాహంలో ఎవరైనా పొరబడతారని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ ఏడు చేదు కోసం నాలుగు మెంతి గింజలు వేయించి పొడి చేసి కలిపాను. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో గాని, చేదు మాత్రం ఒప్పుకున్నట్టే అనిపించింది.

దీపావళికి ఇంకో చిక్కు. అక్టోబరు మొదటి ఆదివారం నాడు గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అందువల్ల ఏడు దాటితే గాని పొద్దు గుంకదు. దీపాలు పెట్టే వేళకు చిన్నవాడు నిద్రకు ఊగుతూ ఉంటాడు. హెలెన్స్‌బర్గ్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి పండుగ పూట వెళ్ళాలంటే మాత్రం నేటికీ అల్లుడుగారి కారే శరణ్యం.

పిల్లల సెలవులు అంటే నాకు డ్యూటీ. బడి ఏడాదికి నాలుగు టర్ములు. ప్రతి టర్ము తరువాత రెండు వారాలు, వేసవిలో దాదాపు ఆరు వారాలు ఇంటి పట్టున ఉంటారు. రెండేళ్ళ క్రిందట ఏప్రిల్ సెలవులు అయిపోయిన రాత్రి, అంట్లు సర్దుతూ “ఇక మీదట బుధవారం నేను ఉండనమ్మా” అన్నాను. అమ్మాయి చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. “మేమేమైనా అన్నామా?” అంది. ఎవరూ ఏమీ అనకపోయినా మనిషికి ఒక రోజు కావాలని అనిపిస్తుందని చెప్పడానికి నాకు ఆ పూట మాటలు కుదరలేదు. 31 ఏళ్ళు తెలుగు చెప్పి ఏం లాభం! వారం రోజులు ఇంట్లో మాటలు ముక్తసరిగా నడిచాయి. ఆ తరువాత అల్లుడుగారే బడి దగ్గర సాయంత్రాలు పిల్లలను చూసుకునేచోట బుధవారానికి పేరు నమోదు చేయించి వచ్చారు. దానికి అయ్యే ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కొంచెం బాధగానే ఉంటుంది. అమలాపురం నుంచి మా చెల్లెలైతే ఫోనులో దులిపేసింది: “పిల్లల్ని పరాయివాళ్ళకు అప్పగించి ఊళ్ళు తిరుగుతున్నావా అక్కా?” అవును, తిరుగుతున్నాను.

ఎక్కువ బుధవారాలు పడవే. మా ఇంటి దగ్గర ట్రాము ఎక్కి పారమట్టాలో దిగి, నది ఒడ్డుకు నడుస్తాను. 2024 డిసెంబరులో ఈ ట్రాము వచ్చాక ఇంకా సుళువైంది. పారమట్టా అన్న పేరు ఇక్కడి ఆదివాసులైన దరుగ్ ప్రజల మాటలోంచి వచ్చింది, మలుగులు, అంటే పాముల్లా పొడుగ్గా ఉండే చేపలు, ఉండే చోటు అని అర్థం చెబుతారు. అక్కడి నుంచి ఒపేరా హౌస్ పక్కనున్న సర్క్యులర్ కీ రేవు దాకా పడవలో దాదాపు గంటన్నర ప్రయాణం. అందరూ చివరన వచ్చే హార్బర్ వంతెన కోసం ఎదురుచూస్తారు గాని, నాకు మాత్రం మొదటి అరగంటే ఇష్టం. అక్కడ నది ఇరుకు, పడవ మెల్లగా పోతుంది, రెండు వైపులా మడ అడవి. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి పొడుచుకు వచ్చిన ఊపిరి వేళ్ళు, ఆ ఉప్పు వాసన, ఆకు అడుగున ఆ బూడిద రంగు! తాళ్ళరేవు దాటి కోరంగి వైపు వెళితే కనిపించే మడచెట్లలో ఇదే జాతి ఉంది. ఓడలు కట్టిన కోరంగి రేవును 1839 నాటి ఉప్పెన తుడిచిపెట్టేసిందని పిల్లలకు పాఠంలో చెప్పేదాన్ని. బడి నుంచి విహారయాత్రకు తీసుకువెళ్ళినప్పుడు ఆ వేళ్ళను చూపించి, చెట్టు వాటితోనే గాలి పీలుస్తుందంటే ఎవడూ నమ్మేవాడు కాదు. ఇక్కడ ఆ మాట ఎవరికీ చెప్పవలసిన పని లేకుండా, రెయిలింగు పట్టుకుని చూస్తూ నిలబడతాను.

సముద్రం పోటు తగ్గినప్పుడు పారమట్టా దగ్గర నీళ్ళు చాలవు. అప్పుడు రైడల్‌మియర్ దాకా బస్సులో తీసుకువెళ్ళి అక్కడ పడవ ఎక్కిస్తారు. అందుకని మంగళవారం రాత్రి పోటు వేళలు చూసుకోవడం నాకు అలవాటైంది. చిన్నప్పుడు మా ఊళ్ళో వేటకు వెళ్ళేవాళ్ళు చూసుకున్నట్టే. రేపు ఉదయం పది గంటలకు ఆటు. కాబట్టి బస్సు.

మనవరాలు ఇక చాలు అంటోంది, బ్యాటరీ అయిపోతోందట. ఇదిగో, ఈ స్టీలు డబ్బా ఒక్కటి దగ్గరగా చూపించమ్మా. ఇది రేపటికి నా డబ్బా, పులిహోర. బడికి వెళ్ళేది కాదు కదా, పల్లీలు దండిగా వేశాను.