ఎం.ఎస్. మందు ఆపేద్దామనుకుంటున్నారా? ముందు ఏ మందో చూడండి

(దృశ్యం: కర్నూలు, మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కొండారెడ్డి బురుజు దగ్గర మనిషి జాడ లేని రోడ్డు.)

ఈ ఎండలో బ్యాంకు దాకా పోయొస్తే చాలు, మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్., ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము నరాల మీద దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లకు కాళ్లు బరువెక్కుతాయి, చూపు మసకబారుతుంది. ‘ఇన్ని వేలు పోసినా ముదురుతోందే, ఇంకెందుకు ఈ మందు’ అనిపిస్తుంది. ఆ మాట మీద మందు మానేయొద్దు. నరం చుట్టూ తొడుగులా ఉండే మైలిన్ పొర దెబ్బతింటే, ఆ నరంలో, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతం తడబడుతుంది. దీన్ని ఊట్‌హాఫ్ లక్షణం అంటారు. నీడన కూర్చుని మెడకు తడిగుడ్డ చుట్టుకుంటే ఒళ్లు చల్లబడి, అదే సర్దుకుంటుంది. అసలు రిలాప్స్ (జబ్బు కొత్తగా తిరగబడటం) అట్లా పోదు, 24 గంటలు దాటుతుంది. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా పాత లక్షణాలను లేపుతాయి కాబట్టి ముందు మూత్ర పరీక్ష చేయించండి.

(దృశ్యం: బల్ల మీద మందుల పెట్టెలు. ఒక్కొక్కటీ దగ్గరగా.)

ఎండ సంగతి కాదు, నిజంగానే ఆపాలనుకుంటే అన్ని మందులూ ఒక తీరుగా ఉండవు. భయపడాల్సింది ఫింగోలిమాడ్‌తో. అది తెల్ల రక్తకణాలను లింఫ్ గ్రంథుల్లోనే కట్టేసి ఉంచుతుంది. మానేస్తే కట్టు తెంచుకున్నట్టు బయటికొస్తాయి. కొందరికి జబ్బు మునుపటికంటే ఘోరంగా తిరగబడుతుంది, ఎక్కువగా 12 వారాల లోపే. అమెరికా ఔషధ సంస్థ 2018లో దీని మీద హెచ్చరించింది. ఇంకో చిక్కు కూడా ఉంది. డబ్బు సర్దుబాటు కాక 14 రోజులకు మించి ఆపితే, మళ్లీ ఇంట్లో వేసుకోకూడదు. మళ్లీ మొదలుపెట్టే తొలి డోసుకు గుండె వేగం పడిపోవచ్చు. ఆస్పత్రిలో 6 గంటలు కనిపెట్టి చూడాలి, ఈసీజీ తీయాలి.

నటాలిజుమాబ్ ఆపితే 3 నుంచి 6 నెలల్లో జబ్బు తిరగబడొచ్చు. తరువాతి మందు తేదీ ఖాయం కాకుండా దీన్ని వదలొద్దు. టెరిఫ్లునోమైడ్ తీరు దీనికి తలకిందులు. మానేసినా రెండేళ్ల దాకా రక్తంలో ఉండిపోగలదు. బిడ్డ కోసం ఆపేవాళ్లకు, ఆ మందును ఒంట్లోంచి తొందరగా బయటికి పంపడానికి డాక్టరు కొలెస్టిరమిన్ పొడి 8 గ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 11 రోజులు ఇస్తారు. ఇంటర్‌ఫెరాన్ సూదులతో ఈ తంటాలు లేవు. రక్షణ మాత్రం పోతుంది.

మరి ఎవరు ఆపొచ్చు? అమెరికాలో జరిగిన డిస్కామ్స్ అనే వైద్య అధ్యయనంలో 55 ఏళ్లు దాటి, అయిదేళ్లుగా రిలాప్స్ లేనివాళ్లను చూశారు. రెండేళ్లలో రిలాప్స్ గానీ ఎం.ఆర్.ఐ.లో కొత్త మచ్చ గానీ కనిపించింది మందు కొనసాగించినవాళ్లలో 4.7 శాతానికి, ఆపినవాళ్లలో 12.2 శాతానికి. అందులోనూ ఎక్కువ మచ్చలే. అంటే ఆ వయసులో కూర్చుని మాట్లాడదగ్గ విషయమే. ముప్పై ఏళ్ల మనిషికి ఈ లెక్క చెల్లదు.

(దృశ్యం: పేరు, చీటీ లేని పొడి పొట్లం.)

ఇక నాటు మందు. అందులో ఏముందో చెప్పని పొడితో వారంలోనే హుషారొస్తే, స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించండి. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే ఉన్నాయి. పక్కన టెరిఫ్లునోమైడ్ కూడా ఉంటే కాలేయానికి రెండు దెబ్బలు.

ఖర్చే కారణమైతే ఆ మాట సిగ్గుపడకుండా డాక్టరుతో అనండి. ఆర్నెల్లకోసారి ఎక్కించే రిటుక్సిమాబ్‌కు మార్చే దారి ఉండొచ్చు.

ఆపాలనే తేలితే, ఆపేముందు ఒక ఎం.ఆర్.ఐ., ఆర్నెల్లకు ఇంకొకటి, వీలైతే అదే మిషన్ మీద. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుపోతే పాత మచ్చేదో కొత్తదేదో పోల్చలేరు. సీడీ కూడా సంచిలో పెట్టుకోండి.