మెకంజీల టార్టన్: కింటెయిల్ కొండల నుంచి మద్రాసు రేవు దాకా

సభకు నమస్కారం.

కైఫీయత్తులు తిరగేసినవారికి మెకంజీ అన్న పేరు కొత్త కాదు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి పండితుల సాయంతో మన గ్రామాల చరిత్రలను, శాసనాలను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లాండ్ వాయవ్య తీరానికి ఆవల ఉన్న లూయిస్ ద్వీపంలో, స్టోర్నవే పట్టణంలో పుట్టాడు. ఆ పేరు ఒక్క మనిషిది కాదు, ఒక క్లాన్‌ది. మన ఊళ్ళ గతాన్ని అంత శ్రద్ధగా భద్రపరచిన మనిషి సొంత వంశం గతమేమిటో, ఆ వంశానికి గుర్తుగా నిలిచిన టార్టన్ అనే గళ్ళ బట్ట కథ ఏమిటో ఈ సాయంత్రం మీ ముందుంచాలని నా కోరిక.

గేలిక్ భాషలో క్లాన్ అన్న మాటకు సంతానమని అర్థం. కెన్నెత్ పేరుకు గేలిక్ రూపమైన కోన్యఖ్ కొడుకులు కనుక వీరు మెకంజీలయ్యారు. అయితే క్లాన్‌లోని వారందరూ ఒకే రక్తం పంచుకు పుట్టినవారని అనుకోకూడదు. నాయకుని భూమి దున్నుకుంటూ, అతని పిలుపుకు కత్తి పట్టుకుని వచ్చే అనేక కుటుంబాలు అందులో భాగం. మక్రే కుటుంబాలవారు అటువంటివారే. స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని కింటెయిల్ ప్రాంతంలో మూడు సముద్రపు పాయలు కలిసే చోట ఉన్న ఐలీన్ డోనన్ కోటను తరతరాలుగా కాపాడినందుకు వారిని మెకంజీల ఉక్కు కవచమని పిలిచేవారు. 1609లో నాయకునికి లార్డ్ హోదా, 1610 నాటికి లూయిస్ ద్వీపం, 1623లో సీఫోర్త్ ఎర్ల్ బిరుదు దక్కాయి. దుప్పి తల వారి చిహ్నం, 'రాజుకు సాయపడు' అన్నది వారి నినాదం. దుప్పి మీదపడబోతుండగా మూడవ అలెగ్జాండర్ రాజును తమ పూర్వీకుడు రక్షించాడన్న ఐతిహ్యం ఆ చిహ్నానికి మూలం.

రాజుకు సాయపడాలన్నది నినాదమైనా, ఏ రాజుకన్న ప్రశ్న పద్దెనిమిదవ శతాబ్దంలో వారిని నిలువునా చీల్చింది. పదవీచ్యుతులైన స్టూవర్ట్ రాజుల పక్షాన 1715లో తిరుగుబాటు చేసినందుకు సీఫోర్త్ ఎర్ల్ బిరుదును, భూములను పోగొట్టుకున్నాడు. 1719లో ప్రభుత్వ యుద్ధనౌకలు ఐలీన్ డోనన్‌ను ఫిరంగులతో కొట్టి, మందుపాతరలతో పేల్చివేశాయి. 1745 తిరుగుబాటులో మెకంజీలలోనే మరొక శాఖకు చెందిన క్రొమార్టీ ఎర్ల్, తన కొడుకుతో సహా, తిరుగుబాటుదారులు ఓడిపోయిన 1746 నాటి కల్లోడెన్ యుద్ధానికి సరిగ్గా ముందురోజు పట్టుబడ్డాడు. మరణశిక్ష పడి, ఆపై క్షమాభిక్ష దొరికినా, ఆస్తి మాత్రం మిగలలేదు.

ఆ ఓటమి తరువాత ప్రభుత్వం బట్ట మీద కూడా చెయ్యి వేసింది. 1746లో చేసిన చట్టం 1747 ఆగస్టు 1 నుంచి స్కాట్లాండ్‌లో పురుషులూ బాలురూ హైలాండ్స్ (ఉత్తరాది కొండప్రాంతం) దుస్తులు వేసుకోకూడదని, పైకోట్లకు టార్టన్ వాడకూడదని నిషేధించింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండవసారి దొరికితే ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. సైనికులకు మాత్రం ఈ నిషేధం వర్తించలేదు. టార్టన్ చరిత్రకు కీలకం ఈ మినహాయింపులోనే ఉందని నా అభిప్రాయం.

ఇక్కడ నేత గురించి కొంచెం ఆగి చెప్పాలి. టార్టన్‌లో పడుగులో ఏ రంగులు ఏ వరుసలో, ఎన్నెన్ని పోగులుగా వస్తాయో, పేకలోనూ అదే వరుసలో అన్నే పోగులుగా వస్తాయి. ఈ వరుసను సెట్ అంటారు. ప్రతి పేక పోగు రెండు పడుగు పోగుల మీదుగా, రెండింటి కిందుగా సాగుతూ, ఒక్కొక్క పోగు చొప్పున పక్కకు జరుగుతుంది కనుక బట్ట మీద ఏటవాలు గీతలు కనిపిస్తాయి. ఒకే రంగు పడుగూ పేకా కలిసిన చోట నిండు రంగు, వేర్వేరు రంగులు కలిసిన చోట మిశ్రమ ఛాయ వస్తాయి. మెకంజీ టార్టన్‌లో ఉన్నవి నీలం, నలుపు, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు అనే అయిదు రంగులే. అయినా ఆ అయిదూ ఒకదానినొకటి దాటుతూ బట్ట మీద పదిహేను ఛాయలను పుట్టిస్తాయి. ముదురు నీలం, నలుపు, ఆకుపచ్చ గళ్ళు ప్రభుత్వ సైన్యపు టార్టన్‌వే. వాటిలో ఆకుపచ్చ మధ్య సన్నని తెల్ల గీత, నీలం మధ్య ఎర్ర గీత చేర్చడంతో అది మెకంజీలదయింది.

ఆ గీతలు చేరింది ఏ ప్రాచీన కొండలోయలోనో కాదు, పటాలంలో. క్రొమార్టీ ఎర్ల్‌తోపాటు పట్టుబడిన కొడుకు జాన్ మెకంజీ స్వీడన్ సైన్యంలో చాలాకాలం పనిచేసి తిరిగివచ్చి, 1777లో ఒకప్పుడు తాను ఎదిరించిన ప్రభుత్వానికే తన వంశస్థుల నుంచి ఒక పటాలాన్ని సమకూర్చాడు. 1780లో మద్రాసు చేరిన ఆ పటాలానికి చెందిన రెండు కంపెనీలు అదే సెప్టెంబరు 10న కంచి దగ్గరి పొల్లిలూరులో హైదర్ అలీ, టిప్పు సేనల చేతిలో చిక్కాయి. జాన్ మెకంజీకి 1784లో తండ్రి భూములు తిరిగి దక్కాయి. సీఫోర్త్ శాఖవారు 1778లో సమకూర్చిన పటాలపు సైనికులు, తమను ఈస్టిండియా కంపెనీకి అమ్మివేశారన్న వదంతి విని ఎడిన్‌బరో పక్కనున్న ఆర్థర్స్ సీట్ కొండెక్కి, రోజుల తరబడి దిగిరామని భీష్మించారు. వారిలో మక్రేలు అనేకులు. నచ్చజెప్పి దింపాక వారిని చివరికి మన దేశానికే పంపారు. దారిలో వారి నాయకుడు సముద్రం మీదే చనిపోయాడు. స్కర్వీ వ్యాధికి బలైనవారు పోగా 1782లో మద్రాసు రేవులో దిగినవారిలో ఆయుధం మోయగలిగిన సత్తువ కొందరికే మిగిలింది. 1793లో అదే కుటుంబం సమకూర్చిన 78వ పటాలం 1803 సెప్టెంబరు 23న మరాఠాలతో జరిగిన అస్సాయి యుద్ధంలో పోరాడి, ఏనుగు బొమ్మను తన గుర్తులలో చేర్చుకుంది. ఈ పటాలపు టార్టనే తరువాత క్లాన్ మొత్తానికి టార్టన్ అయింది.

ఇంత స్పష్టమైన పుట్టుక ఉన్న బట్టకు లేని ప్రాచీనతను అంటగట్టడం నాకు బాధ కలిగిస్తుంది. నిషేధం 1782లో తొలగింది. లండన్‌లోని హైలాండ్ సొసైటీ, తమ తమ టార్టన్ నమూనాలను ముద్ర వేసి పంపమని 1815లో నాయకులను కోరేనాటికి, ఏది తమదో తెలియని నాయకులు కొందరున్నారు. 1822లో నాలుగవ జార్జ్ రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు స్కాట్లాండ్‌లోని బానక్‌బర్న్ ఊరి నేతగాళ్ళకు గిరాకీ పెరిగి, కొన్ని సెట్లకు క్లాన్ పేర్లు అప్పుడే అంటుకున్నాయి. టార్టన్ నేత శతాబ్దాల నాటిదే, కానీ ఒక్కొక్క క్లాన్‌కు ఒక్కొక్క స్థిరమైన సెట్ అన్న ఏర్పాటు మాత్రం కొత్తది. మెకంజీ టార్టన్‌కు అసలైన గౌరవం దాన్ని కట్టుకుని ఇల్లు విడిచి, తిరిగి ఇల్లు చూడని మనుషుల వల్ల వచ్చింది. వారు వదిలివచ్చిన కొండల్లో తరువాతి తరాలవారి స్థానంలో గొర్రెల మందలు వచ్చాయి. లూయిస్ ద్వీపం కూడా 1844లో మెకంజీల చేయి దాటి జేమ్స్ మాథెసన్ వశమైంది.

1816లో థామస్ హికీ గీసిన చిత్రంలో కాలిన్ మెకంజీ ఎర్రని సైనిక దుస్తులతో తన భారతీయ సహాయకుల నడుమ నిలబడి ఉంటాడు. ఒంటి మీద టార్టన్ లేదు. 1783లో మద్రాసుకు వచ్చిన ఆయన స్టోర్నవేకు మళ్ళీ వెళ్ళలేదు. ఎడిన్‌బరో వీధులు టార్టన్‌తో నిండిపోవడానికి ఏడాది ముందు, 1821 మే 8న, కలకత్తా దగ్గర కన్నుమూశాడు.