కొండే దైవం, ధాతువుపై గోపురం: జపాన్ పుణ్యస్థలాల మీద ఒక ప్రసంగం

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

జపాన్‌లో పుణ్యస్థలాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి జింజా. అది షింతో సంప్రదాయానిది, కామి అని పిలిచే దేవతల నెలవు. రెండోది తెరా, అంటే బౌద్ధాలయం. జింజాలు సుమారు 80 వేలు, తెరాలు 75 వేలకు పైగా ఉన్నాయి. యాత్రికుల కోసం రాసే పుస్తకాలు వీటి తేడాను నాలుగు ముక్కల్లో తేల్చేస్తాయి. రెండు స్తంభాల మీద అడ్డదూలాలు వేసిన తోరీ ద్వారం కనిపిస్తే అది జింజా. కప్పున్న పెద్ద ద్వారంలో కండలు తిరిగిన ద్వారపాలకులు నిలబడి ఉంటే తెరా. జింజాలో రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగుతారు. ఇజుమో తైషాలో అయితే చప్పట్లు నాలుగు. తెరాలో చప్పట్లుండవు, చేతులు జోడించి తల వంచుతారు.

ఈ గుర్తులు నిజమైనవే, దారిన పోయేవారికి పనికొస్తాయి కూడా. కానీ వాటి దగ్గరే ఆగిపోతే అసలు సంగతి అందదు. ఆ చోటుకు పవిత్రత ఎక్కణ్ణుంచి వచ్చింది అన్న ప్రశ్న వేసుకుంటే ఈ రెండింటి స్వభావం తెలుస్తుందని నా నమ్మకం.

నారా ప్రాంతంలోని ఒమివ జింజాతో మొదలుపెడదాం. జపాన్‌లోని అతి పురాతన జింజాల్లో అదొకటి. అక్కడ భక్తులు నిలబడి మొక్కే మందిరం ఉంది, దాని వెనక గర్భాలయం లేదు. మూడు తోరీలను ఒకటిగా కలిపి కట్టిన ద్వారం ఉంటుంది. ఆ వెనక మివ కొండ. మొక్కేది ఆ కొండకే. విగ్రహం లేదు, కావాలని ఎవరూ అనుకోలేదు. కొండెక్కాలంటే అనుమతి తీసుకుని, తెల్లని పట్టీ మెడలో వేసుకుని వెళ్లాలి. దక్షిణాన నచిలో 133 మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతం ఉంది. అక్కడి హిరో జింజాలో ఆ నీటిధారే దైవం. ముందొక తోరీ, దాని వెనక జలపాతం, అంతే.

అంటే జింజాలో చోటు ముందు, కట్టడం తర్వాత. కామి అక్కడ ఉన్నదని మనుషులు గుర్తించారు, హద్దు గీశారు. తోరీ ఆ హద్దుకు గుర్తు. చెట్టుకు చుట్టిన గడ్డితాడు కూడా హద్దే. జింజాలకు శాశ్వతమైన పెద్ద భవనాలు రావడానికి బౌద్ధాలయాల నిర్మాణాన్ని చూడటం కూడా ఒక కారణమని చరిత్రకారులు చాలామంది అంటారు.

తెరా పుట్టుక ఇందుకు పూర్తిగా వేరు. బౌద్ధం ఆరో శతాబ్దంలో కొరియాలోని బెక్జే రాజ్యం నుంచి జపాన్ చేరింది. విగ్రహాలు, సూత్ర గ్రంథాలు, ఆ వెంటే భిక్షువులు, వడ్రంగులు, పెంకులు చేసేవారు వచ్చారు. పవిత్రమైనదాన్ని ఎక్కడి నుంచో తెచ్చి, కొత్త నేలలో నిలబెట్టారు. అసుకాదెరా అనే బౌద్ధాలయంలో గోపురానికి, అంటే అంతస్తులుగా లేచే పగోడాకు, నడిమి స్తంభం నిలబెట్టేటప్పుడు, దాని అడుగున బుద్ధుడి ధాతువులను, అంటే ఆయన శరీర అవశేషాలను, ఉంచారని 593 నాటి సంగతిగా పాత చరిత్ర గ్రంథం చెబుతోంది. 1950లలో తవ్వినప్పుడు ఆ స్తంభం చోట పూసలు, కవచం లాంటి వస్తువులు బయటపడ్డాయి. అవి ఆ కాలంలో పెద్దల సమాధుల్లో పెట్టే రకం వస్తువులే. కొత్త ధర్మం వచ్చింది సరే, మహనీయుడి అవశేషానికి జరగాల్సిన మర్యాద మాత్రం జనానికి తెలిసిన పద్ధతిలోనే జరిగిందన్నమాట. నన్ను ఎంతగానో కదిలించే ఆధారం ఇది.

ఇక్కడే నాకు అన్నిటికన్నా లోతైన తేడా కనిపిస్తుంది. తెరా గోపురం స్తూపానికి వారసురాలు, దాని మూలంలో ఉన్నది అస్థికలు. జింజా చావును మైలగా చూస్తుంది. అందుకే సాధారణంగా జింజా ఆవరణలో శ్మశానం ఉండదు, తెరా పక్కన ఉంటుంది. పుట్టిన బిడ్డను జింజాకు తీసుకెళ్తారు, పోయినవారి కర్మలు తెరాలో జరుపుతారు. ఈ అలవాటు ఇంత గట్టిపడటానికి రాజ్యం కూడా కారణం. పదిహేడో శతాబ్దంలో సైనిక పాలకులైన తొకుగావ షోగున్లు క్రైస్తవాన్ని నిషేధించి, ప్రతి కుటుంబం ఏదో ఒక తెరాలో పేరు నమోదు చేయించుకోవాలన్నారు. ఆ కుటుంబం క్రైస్తవం పాటించడం లేదని తెరా ధ్రువపత్రం ఇవ్వాలి. అంత్యక్రియలు, సమాధులు, తద్దినాలు అన్నీ ఆ తెరా చేతికే వెళ్లాయి.

కాలాన్ని చూసే తీరులోనూ రెండూ వేరే. ఇసేలోని మహా జింజాను 20 ఏళ్లకోసారి పక్కనున్న ఖాళీ స్థలంలో కొత్తగా కడతారు. మొదటిసారి 690లో జితో సామ్రాజ్ఞి కాలంలో జరిగింది. అంతర్యుద్ధాల కాలంలో వందేళ్లకు పైగా ఆగిపోయింది, మళ్లీ మొదలైంది. 62వది 2013లో పూర్తయింది, తర్వాతిది 2033లో. గడ్డి కప్పు, హినోకి (జపాన్ సైప్రస్ చెట్టు) కలప, పాత కొలతలే. తీసేసిన ప్రధాన స్తంభాలు ఇసేలోనే ఊజీ వంతెన దగ్గర తోరీలుగా నిలుస్తాయి. కామి ఇల్లు ఎప్పుడూ కొత్తగా ఉండాలి. హోర్యూజి బౌద్ధాలయం దగ్గర దీనికి తలకిందులు. పదమూడు వందల ఏళ్లుగా నిలిచిన ఆ భవనాలు ప్రపంచంలోనే అతి పురాతన చెక్క కట్టడాలు. అక్కడ ప్రతి పాత దూలాన్నీ కాపాడుకుంటూ వచ్చారు. ఇసేలో వయసు కలపకు కాదు, వడ్రంగి చేతి పనితనానికి. రెండూ గొప్ప మార్గాలే. అయితే కట్టడాన్ని కాక విద్యను కాపాడాలన్న ఇసే ఆలోచన మరింత సాహసమైనదని నాకనిపిస్తుంది.

తేడాలు ఇంత లోతైనవి కదా, మరి రెండూ ఎడంగా ఉన్నాయా? లేవు. ఇదే నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. వెయ్యేళ్లకు పైగా ఒకే ప్రాంగణంలో కలిసి బతికాయి.

749లో, నారాలో తోదైజి బౌద్ధాలయపు మహాబుద్ధ విగ్రహం తయారవుతున్నప్పుడు, దూరాన ఉసా నుంచి హచిమాన్ అనే కామిని పల్లకీలో తీసుకొచ్చారు. బుద్ధుడి పనికి అండగా కామి వచ్చాడు. ఇప్పటికీ తోదైజి పక్కన తముకెయామ హచిమాన్ జింజా ఉంది. 752లో ఆ విగ్రహానికి కన్నులు దిద్దినవాడు భారతదేశం నుంచి వెళ్లిన భిక్షువు బోధిసేనుడు. తర్వాతి కాలంలో పండితులు ఒక సిద్ధాంతం చెప్పారు: బుద్ధులు, బోధిసత్వులే జనాన్ని ఆదుకోవడానికి కాములుగా ప్రత్యక్షమయ్యారని. అందరూ దీనికి తలొగ్గలేదు. ఇసేలో బౌద్ధం ఊసును దూరం పెట్టేవారు. అక్కడ భిక్షువును 'పొడుగు జుట్టువాడు' అనేవారు, బౌద్ధాలయాన్ని 'పెంకుల కప్పు' అనేవారు. కానీ మిగతా దేశంలో జింజా నిర్వాహకుడు భిక్షువు కావడం, కామి ముందు సూత్రపఠనం జరగడం మామూలు విషయం.

మన సరస్వతి అక్కడ బెంజైతెన్ అయింది. వీణకు బదులు బీవా వాద్యం పట్టింది, సరస్సులు, దీవులు వెతుక్కుని కొలువుదీరింది. ఆమె బౌద్ధ దేవతా, షింతో దేవతా? మొక్కేవారికి ఆ ప్రశ్నే రాలేదు. క్యోతోలోని గియోన్ పేట పేరు బుద్ధుడు నివసించిన జేతవనం నుంచి వచ్చింది. అక్కడి దైవం గొజు తెన్నో ఆ వనానికి కాపరి అని నమ్మేవారు.

1868లో కొత్త మేజీ ప్రభుత్వం జింజాల నుంచి బౌద్ధాన్ని వేరు చేయాలని ఉత్తర్వులిచ్చింది. చక్రవర్తిని షింతో పునాది మీద నిలబెట్టాలన్నది వారి ఉద్దేశం. జింజాల్లో సేవ చేస్తున్న భిక్షువులు కాషాయం విడిచి గృహస్థులు కావాలన్నారు. బుద్ధ విగ్రహాలు కామి స్థానంలో ఉండకూడదన్నారు, గంటలు తీసేయమన్నారు. హియేయి కొండ దిగువన హియోషి జింజాలో ఒక గుంపు చొరబడి విగ్రహాలను, గ్రంథాలను తగలబెట్టింది. కామకురాలో త్సురుగఓక హచిమాన్ ప్రాంగణంలోని గోపురం, బౌద్ధ మందిరాలు నేలమట్టమయ్యాయి. దక్షిణాది సత్సుమా ప్రాంతంలో వెయ్యికి పైగా తెరాలు ఒక్కటీ మిగలకుండా మూతపడ్డాయి. గియోన్ ఆలయం పేరు మార్చి యసక జింజా అన్నారు. ఇత్సుకుషిమ దీవిలో బెంజైతెన్ విగ్రహాన్ని జింజా నుంచి పక్కనున్న దైగాన్జి తెరాకు తరలించారు. తెరాల మీద జనంలో పేరుకున్న కోపం కూడా ఈ విధ్వంసానికి తోడైంది, దాన్ని దాచనక్కర్లేదు. కుటుంబాల నమోదు పేరుతో తెరాలు రెండు వందల ఏళ్లు సాగించిన పెత్తనం తక్కువది కాదు. అయినా కాల్చిన గ్రంథాలకు, విరిచిన విగ్రహాలకు అది సమాధానం కాదు. ఈ రోజు మనం చూసే జింజా ఒకవైపు, తెరా ఒకవైపు అన్న శుభ్రమైన విభజన చాలావరకు ఆ ఉత్తర్వు గీసిన గీత.

గీత అన్నిచోట్లా పడలేదు. తోక్యోలో సెన్సోజిని చూడండి. 628లో నదిలో వల వేసిన అన్నదమ్ములకు కరుణామూర్తి అయిన బోధిసత్వుడు కన్నోన్ విగ్రహం దొరికిందని, ఊరిపెద్ద దాన్ని తన ఇంట్లో ప్రతిష్ఠించి తెరాగా మార్చాడని స్థలపురాణం. ఆ ముగ్గురినీ పక్కనే ఉన్న అసకుసా జింజాలో కాములుగా కొలుస్తారు. బౌద్ధ ప్రతిమను కనుగొన్నవారు కాములయ్యారు! తోయోకావ ఇనారి జెన్ బౌద్ధాలయం, అయినా దాని ముందు తోరీ ఉంది. నిక్కో తోషోగూ జింజా ఆవరణలో అయిదంతస్తుల గోపురం ఇప్పటికీ నిలిచే ఉంది.

కొన్నిచోట్ల పాత బంధం మళ్లీ కలుస్తోంది. నారాలో ఏటా జనవరి 2న కోఫుకుజి బౌద్ధాలయ ప్రధాన భిక్షువు, తన శిష్యులతో కసుగ తైషా జింజాకు వెళ్లి కామి ముందు సూత్రాలు పఠిస్తారు. క్యోతోలోని కితానో తెన్మాంగూ జింజాలో 2020 సెప్టెంబరులో, హియేయి కొండ మీది ఎన్ర్యకుజి భిక్షువులు, జింజా పూజారులు కలిసి ఒక ప్రాచీన క్రతువు జరిపారు. అది సుమారు 550 ఏళ్లుగా ఆగిపోయి ఉన్నది. అంటే ఆ తెగిన బంధం 1868 కన్నా పాతది, అంతకు ముందటి యుద్ధాల కాలంలో తెగింది. మీలో ఎవరైనా నారా వెళ్తే, కోఫుకుజి నుంచి కసుగ దాకా నడిచే వెళ్లండి. గోపురం దగ్గర మొదలై జింకల మైదానం దాటితే అడవిలో తోరీ వస్తుంది. మధ్యలో ఎక్కడా గోడ లేదు.