సీరమా, ప్లాస్మానా?

నమస్కారం. ఒకే సూదితో తీసిన రక్తాన్ని రెండు ట్యూబుల్లో పట్టి సెంట్రిఫ్యూజ్‌లో (ట్యూబులను వేగంగా తిప్పే యంత్రం) తిప్పితే, రెండింట్లోనూ పైన తేరేది లేత పసుపు ద్రవమే. అయినా ఒకటి సీరం, ఇంకోటి ప్లాస్మా. కంటికి తేడా దొరకదు, ట్యూబు మూత రంగే చెప్పాలి.

రక్తం గడ్డకట్టకుండా మందు కలిపి, కణాలను కిందికి దింపితే పైన మిగిలేది ప్లాస్మా. గడ్డకట్టనిచ్చి, ఆ గడ్డను వేరుచేస్తే మిగిలేది సీరం. పెరుగు మీద తేరే నీళ్లు గుర్తుచేసుకోండి. పాలలోని కేసిన్ చాలావరకు గడ్డలోకి పోయినట్టే, ఇక్కడ రక్తంలోని ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఫైబ్రిన్ పోగులుగా మారి గడ్డలో ఉండిపోతుంది. ఆరోగ్యవంతుల ప్లాస్మాలో అది డెసిలీటరుకు సుమారు 200 నుంచి 400 మిల్లీగ్రాములు. ఐదు, ఎనిమిది నంబర్ల క్లాటింగ్ ఫ్యాక్టర్లూ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు) ఆ పనిలోనే ఖర్చవుతాయి.

అందుకే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం కొలిచే పీటీ, ఏపీటీటీ పరీక్షలు సీరంతో కుదరవు. వాటికి గడ్డకట్టనివ్వని సిట్రేట్ మందున్న నీలం మూత ట్యూబు, 9 వంతుల రక్తానికి 1 వంతు సిట్రేట్. గీత దాకా నింపకపోతే సిట్రేట్ వంతు ఎక్కువై, పీటీ సమయం నిజానికి పెరగకపోయినా పెరిగినట్టు కనిపిస్తుంది.

ప్రొటీన్లను కరెంటుతో పట్టీలుగా విడదీసి చూసే ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్‌కు మాత్రం సీరమే కావాలి. ప్లాస్మా పెడితే బీటా, గామా పట్టీల మధ్య ఫైబ్రినోజెన్ ఒక గీతలా నిలబడుతుంది. దాన్ని మైలోమా అనే రక్త క్యాన్సర్‌లో అసాధారణ ప్రొటీన్ వల్ల వచ్చే ఎమ్ బ్యాండ్ అనుకుంటే రోగి ఇంట్లో ఎంత కంగారో ఆలోచించండి.

సీరానికి తొందర పనికిరాదు. క్లాట్ యాక్టివేటర్ (త్వరగా గడ్డకట్టించే పదార్థం) ఉన్న ఎర్ర మూత ట్యూబును ఐదారుసార్లు నెమ్మదిగా తిరగేసి, 30 నిమిషాలు నిలువుగా ఉంచి, తర్వాతే తిప్పాలి. ముందే తిప్పితే సన్నటి ఫైబ్రిన్ పోగులు మిగిలి పరీక్ష యంత్రం (ఎనలైజర్) శాంపిల్ పీల్చే సన్న గొట్టంలో, అంటే ప్రోబ్‌లో, ఇరుక్కుంటాయి. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ మందు మీద ఉన్నవాళ్ల రక్తానికి ఆ అరగంటా చాలకపోవచ్చు.

పొటాషియం సంగతి ఇంకా సున్నితం. గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు పొటాషియం వదులుతాయి, కాబట్టి సీరంలో అది కాస్త ఎక్కువే. ప్లేట్‌లెట్లు విపరీతంగా ఉన్న రోగిలో ఈ తేడా బాగా పెరుగుతుంది. అలాంటప్పుడు ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబులో మళ్లీ తీసి ప్లాస్మాలో చూడాలి.

అన్నిటికన్నా చెడ్డ తప్పు, ఎర్ర ట్యూబులో రక్తం తక్కువైందని ఊదా మూత ట్యూబులోంచి పోయడం. అందులో ఉన్నది ఈడీటీఏ అనే గడ్డకట్టనివ్వని మందు, అదీ పొటాషియం లవణం రూపంలో. పొటాషియం ఎగబాకుతుంది. కాల్షియంను ఈడీటీఏ పట్టేస్తుంది. జింక్, మెగ్నీషియం లేక వాటితో పనిచేసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా పడిపోతుంది. పొటాషియం బాగా ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ అని ఒకే రిపోర్టులో వస్తే ఈడీటీఏ కలిసిందేమోనని అనుమానించి, వెంటనే డాక్టరుకు చెప్పి కొత్త శాంపిల్ తీయండి. ఈసారి ఎర్ర ట్యూబు ముందు, ఊదా ట్యూబు తర్వాత.