రోహిణి కార్తెలో హెరాల్డ్‌ని షెడ్డు ఎక్కిద్దాం

[షాట్: కాలవ గట్టు, పొద్దున్నే. కొబ్బరి తోపు పక్కన లేత పసుపు రంగు కారు. బానెట్ మొత్తం ముందుకి లేచి ఉంది.]

నమస్కారమండి. ఇది మా నాన్నగారి స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి మద్రాసులో తయారైన బండి, 948 సీసీ ఇంజను. దీన్ని స్పోర్ట్స్ కారు అంటే కొందరు ఒప్పుకోరు. కానీ 1962లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ఈ హెరాల్డ్ చాసీని, అంటే అడుగు చట్రాన్ని, పొట్టి చేసి కట్టిందే. రెండిటి రూపమూ గీసింది ఇటలీ డిజైనర్ మికెలోటి. బానెట్టూ ముందు మడ్‌గార్డులూ కలిసి ఒకే ముక్కగా ఇలా లేచే తీరు రెండిటికీ ఒకటే. కాబట్టి మీ ఇంట్లో స్పిట్‌ఫైర్ ఉన్నా, ఎంజీ ఉన్నా, పాత ఫియెట్ ఉన్నా ఈ వీడియో మీకు పనికొస్తుంది.

పాత కారుని కొన్ని నెలలు షెడ్డులో పెట్టడం గురించి దొరికే వీడియోలన్నీ మంచు దేశాలవే. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లు ఇనుమును తినేస్తాయని చలికాలమంతా కారు బయటికి తీయరు. మనకి లెక్క తిరగబడుతుంది. డిసెంబరు, జనవరి మనకి కారు తిప్పే కాలం. దాచాల్సింది మృగశిర నుంచి కార్తీకం దాటేదాకా. కానీ శత్రువు ఒక్కటే, ఉప్పూ నీళ్లూ. మాది నరసాపురం వైపు. సముద్రపు గాలి, చుట్టూ ఉప్పునీటి రొయ్యల చెరువులు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. మన దగ్గర వానాకాలంలో అది 60కి దిగే రోజు ఎక్కడిదండీ?

[షాట్: షెడ్డు మూల మడతపెట్టిన నీలం బరకం.]

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. నాన్నగారు పోయిన ఏడాది, వాన చుక్క పడకూడదని ధాన్యం మీద కప్పే బరకం తెచ్చి కారు మొత్తం చుట్టి, తాళ్లు బిగించి కట్టేశాను. దీపావళి వెళ్లాక విప్పితే లోపల చెమట పట్టినట్టు నీటి బొట్లు. రూఫ్ మీద పెయింటు పొక్కులు పొక్కులుగా లేచింది. సీట్ల రెగ్జిన్ మీద తెల్లటి బూజు. మా మేస్త్రీ బాబాయ్ వచ్చి చూసి, "వానలో వదిలేసినా ఇంత అయ్యేది కాదు బాబూ, గాలి ఆడకుండా ఉడకబెట్టేశావు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మనసులో ఉండిపోయింది.

అందుకే పని రోహిణి కార్తెలో మొదలుపెడతాను. రోళ్లు పగిలే ఎండ అంటారు కదా, మనకి కావలసింది ఆ ఎండే. కారుని కడిగి, కింద చాసీ దాకా మంచినీళ్లు కొట్టి, తలుపులూ డిక్కీ బార్లా తెరిచి రెండు రోజులు ఆరబెట్టాలి. కడగడానికి బోరు నీళ్లు వాడకండి, మా వైపు చాలా చోట్ల అవి ఉప్పగా ఉంటాయి.

[క్లోజప్: తలుపు కింది అంచు. కొబ్బరి ఈనె పట్టుకున్న చెయ్యి.]

ఇక్కడ కొంచెం దగ్గరగా చూడండి. తలుపు అడుగు అంచులో చిన్న చిన్న కన్నాలు ఉంటాయి. అద్దం పక్కనుంచి లోపలికి దిగిన నీళ్లు బయటికి పోవడానికి అవి. ఇనప తీగ పెడితే పెయింటు గీసుకుపోతుంది, కొబ్బరి ఈనె సరిగ్గా సరిపోతుంది. ఇలా దూర్చి మెల్లగా తిప్పితే... చూశారా, నల్లటి మట్టి, అందులో ఎండిన ఆకు ముక్క. ఈ మట్టి తడిని పట్టుకుని కూర్చుంటుంది, తలుపు లోపలి నుంచి తినేస్తుంది. బయటికి తుప్పు కనపడే నాటికి లోపల రేకు ఉండదు. తలుపుకి ఎన్ని కన్నాలుంటే అన్నీ తీయండి. ఒక్కటి మూసుకున్నా దాని దగ్గర నీళ్లు నిలుస్తాయి.

హెరాల్డ్‌కి ఇంకో బలహీనత ఉంది. చాసీ నుంచి పక్కలకి చేతుల్లా చాచి బాడీని మోసే అవుట్‌రిగ్గర్లు. లోపల డొల్ల, మట్టి చేరిందంటే అంతే. గాలి గొట్టంతో ఊది, పూర్తిగా ఆరాక లోపలికి మైనం స్ప్రే కొట్టిస్తాను. మాడిన ఇంజనాయిల్ పూసేవాళ్లున్నారు, నేను వద్దంటాను. దాంట్లో ఆమ్లాలుంటాయి, పైగా రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి. తుప్పు మీదే తారులాంటి నల్ల కోటింగ్ కొట్టించడం ఇంకా ప్రమాదం. తడి లోపలే ఉండిపోతుంది, పైకి మాత్రం నున్నగా కనిపిస్తుంది.

ఇంజను సంగతి. ఆయిల్ మార్చాల్సింది కారు పెట్టేముందు, తీశాక కాదు. వాడిన ఆయిల్లో ఇంధనం కాలినప్పటి ఆమ్లాలూ, తేమా ఉంటాయి. అయిదారు నెలలు బేరింగులు దాంట్లో నానకూడదు. ఓ పది పదిహేను కిలోమీటర్లు తిప్పి, వేడిగా ఉండగానే దించేసి కొత్తది పోయండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజనాయిల్ వేసి, ఇంజన్ని చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి, ప్లగ్గులు మళ్లీ బిగించాలి.

పెట్రోలు దగ్గర నాకు నిజంగా టెన్షన్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20, అంటే అయిదో వంతు ఇథనాల్. అది గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాలూ నీరూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి, ఇంజను మొదట పీల్చేది ఆ అడుగుదే. పాత రబ్బరు గొట్టాలనీ, పంపులో డయాఫ్రం అనే పల్చటి పొరనీ కూడా పాడు చేస్తుంది. ఇథనాల్ కలవని పెట్రోలు దొరికితే అది, దొరక్కపోతే పెట్రోలు పాడవకుండా ఆపే స్టెబిలైజర్ కలిపి ట్యాంకు నిండా పోస్తాను. ఖాళీ జాగా ఉంటే తేమ గాలి చేరి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. పంపుకి వచ్చే గొట్టం ఊడదీసి మూసేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడిపితే కార్బ్యురేటర్ ఎండిపోతుంది.

బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టండి. 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. నెలకోసారి చూసి, 12.4కి దిగితే చార్జింగ్ పెట్టాలి. ఒక్క జాగ్రత్త. పాత ఇంగ్లీషు కార్లలో కొన్నిటికి పాజిటివ్ వైరే బాడీకి కలిపి ఉంటుంది. రంగు చూసి కాదు, బాడీకి వెళ్లే వైరు ఏదో చూసి ముందు దాన్ని విప్పండి.

హ్యాండ్‌బ్రేకు వేయొద్దు, బ్రేక్ షూలు డ్రమ్ములకి అతుక్కుపోతాయి. చక్రాలకి ఇటుకలు పెట్టండి. క్లచ్ ప్లేటు కూడా ఫ్లైవీలుకి అతుక్కుంటుంది, అందుకే పెడల్ నొక్కి ఉంచి సీటుకి ఆనించి కర్ర పెడతాను. టైర్లలో గాలి అయిదారు పాయింట్లు ఎక్కువ కొట్టి, నెలకోసారి కారుని ఓ అడుగు జరుపుతాను. స్టాండ్ల మీద ఎత్తొచ్చు కదా అని అడుగుతారు. హెరాల్డ్‌ని చాసీ పట్టి ఎత్తితే వెనక చక్రాలు కిందికి వేలాడి లోపలికి ముడుచుకుంటాయి. నెలల తరబడి అలా ఉంచడం నాకు ఇష్టం లేదు.

[షాట్: సైలెన్సర్ గొట్టం చివర సన్న ఇనప జాలీ.]

ఎలకలు. సార్వా, అంటే వానాకాలం వరి, నాట్లకి చేలల్లో నీళ్లు పెట్టగానే అవి గట్లెక్కి, అక్కణ్ణుంచి షెడ్లకి వస్తాయి. సైలెన్సరుకీ, ఎయిర్ ఫిల్టర్ మూతికీ జాలీ కట్టండి. గుడ్డ కుక్కితే దాన్నే పరుపు చేసుకుంటాయి. కారు మీద పాత నూలు దుప్పటి చాలు. పక్కన ఊక బస్తాలూ, కొబ్బరి డొక్కలూ పెట్టొద్దు, అవి తడిని పట్టి ఉంచుతాయి.

వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం చాలామందికి అలవాటు. దయచేసి మానేయండి. ఇంజను వేడెక్కకుండా ఆపితే, పుట్టిన నీరు సైలెన్సర్‌లోనూ ఆయిల్లోనూ మిగిలిపోతుంది. తిప్పితే ఇరవై కిలోమీటర్లు తిప్పండి, లేదా ముట్టుకోకండి.

ఇదంతా గట్టు ఇవతల, మెరక మీద ఉన్నవాళ్లకి. గోదావరి మధ్య లంకల్లో ఉంటే చేయాల్సింది వేరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మీరు బ్యాటరీ విప్పొద్దు, కార్బ్యురేటర్ ఎండగట్టొద్దు. మొదటి హెచ్చరికకే కారు గట్టెక్కాలి. వీలైతే జూన్‌లోనే మెరక మీద ఉన్న చుట్టాలింట్లో పెట్టేయండి. మేనత్తగారింట్లో అరుగు పక్కన జాగా అడగడానికి మొహమాటపడకండి.

తీయడం కూడా తొందరొద్దు. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా కూలాయో మన పెద్దవాళ్లు ఇంకా చెబుతారు. డిసెంబరు వచ్చేదాకా నేను దుప్పటి తీయను, తీశాక కూడా కొబ్బరి చెట్టు కింద పెట్టను.

[క్లోజప్: తాళంచెవికి దారంతో కట్టిన అట్టముక్క. చేతిరాత: "జాలీలు 2, క్లచ్ కర్ర, పెట్రోలు గొట్టం, బ్యాటరీ, ఇటుకలు 4".]

ఈ అట్టముక్క నాన్నగారి అలవాటు. ఏం విప్పామో, ఏం మూశామో రాసి తాళంచెవికే కట్టేవారు. ధనుర్మాసంలో కారు తీసేటప్పుడు ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వస్తాను. ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెజర్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టి, అప్పుడు ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేస్తాను. మొదట పెరట్లోనే ముందుకీ వెనక్కీ జరిపి బ్రేకు మూడుసార్లు తొక్కి చూస్తాను. అది పట్టిందంటేనే గేటు తెరుస్తాను.